బెరడు ఊడిన టేకు చెట్లనూ నష్టం లెక్కలో చేర్చాలని వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా అటవీ అధికారి గారికి,

పలమనేరు ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం అంచు గ్రామాల టేకు రైతులు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: అడవి జంతువుల వల్ల బెరడు దెబ్బతిన్న కలప చెట్ల నష్టం నమోదు, పరిహారం గురించి.

అయ్యా,

మా గట్ల మీద, మెట్ట చేలల్లో పెంచుకుంటున్న టేకుకు జంతువుల బెడద ఎక్కువైంది. ఎండాకాలంలో ఏనుగు బెరడు అంచు లేపి, తొండంతో పట్టి, పైదాకా పట్టీలు పట్టీలుగా చీల్చుకు తింటుంది. కణితులు, దుప్పులు కొమ్ములు రుద్ది లేత చెట్ల తొక్క లేపేస్తాయి. ముళ్లపంది రాత్రిపూట మొదళ్లు కొరుకుతుంది.

పడిపోయిన చెట్టు నష్టం ఎవరికైనా కనిపిస్తుంది. బెరడు పోయిన చెట్టు నిలబడే ఉంటుంది కనుక లెక్కకు రాదు. మా మొరంతా ఇక్కడే.

ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. కాండం చుట్టూ అది తెగితే చెట్టు క్రమంగా ఎండిపోతుంది. ఒక పక్కే ఊడితే బతుకుతుంది. అంచుల నుంచి కొత్త చెక్క పెరిగి గాయాన్ని కప్పుకుంటూ వస్తుంది. ఈలోగా బయటపడ్డ చెక్క ఎండకు పగులుతుంది, వానకు బూజుపట్టి నల్లబడుతుంది, చెదలు చేరతాయి. కొన్నేళ్లకు గాయం పూడి పైకి చిన్న బొడిపె మాత్రమే మిగులుతుంది. సామిల్లులో రంపం దిగాక అసలు సంగతి తెలుస్తుంది: పలక మధ్యలో నల్ల చార, పాత చెక్కకు అతుక్కోని కొత్త పొర, ఆ సందులో ఇరుక్కుపోయిన బెరడు ముక్క. అది తలుపు చెక్కకు పనికిరాదు. చార వెంబడే చీలుతుంది.

పైగా ఈ దెబ్బలు ఎక్కువగా తగిలేది మొదలు దుంగకే. కణుపులు లేక, చేవ బాగా ఉండే ఆ దుంగకే అడితిలో మంచి ధర. మచ్చ కనబడితే కొనేవారు చుట్టుకొలతలో కోత పెడతారు, లేదా వంటచెరకు ధర కడతారు.

కాబట్టి మా కోరికలు:

1. నష్టం అంచనా పత్రంలో బెరడు గాయాన్ని విడిగా నమోదు చేయాలి. గాయం పొడవు, అది కాండం చుట్టుకొలతలో ఎన్నో వంతు, ఏ జంతువు పని అనేవి ఫొటోతో సహా గాయం పచ్చిగా ఉండగానే రాయాలి.

2. చెట్టు వయసు, చుట్టుకొలత, గాయం వంతును బట్టి పరిహారం కట్టాలి. చుట్టూ బెరడు తెగితే పూర్తి చెట్టు నష్టంగా పరిగణించాలి.

3. అలాంటి చెట్లు నిలువునా ఎండి పాడవకముందే కొట్టుకుని తరలించుకునేందుకు ట్రాన్సిట్ పర్మిట్లు త్వరగా ఇవ్వాలి.

4. లేత తోటల మొదళ్లకు ఇనుప వలలు సబ్సిడీపై ఇప్పించాలి. గాయానికి వెంటనే చేయాల్సిన చికిత్సపై ఊళ్లలో శిక్షణ ఇవ్వాలి.

5. ఏనుగుల గుంపు కదలికలను ముందురోజే గ్రామాలకు తెలపాలి.

వన్యప్రాణులకు హాని చేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మాకు తెలుసు. కంచెలకు కరెంటు పెట్టే పనికి మేం ఒడిగట్టం. తమ పరిధిలోని అంశాలపై వచ్చే ఎండాకాలంలోగా ఉత్తర్వులిచ్చి, మిగిలినవాటిని ప్రభుత్వానికి సిఫారసు చేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు
తమ విధేయులు,
అభయారణ్యం అంచు గ్రామాల టేకు రైతులు