ముద్ద దిగని మనిషికి స్కాన్ ఎవరిస్తారు?

మా మేనమామ ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. ఒకరోజు అన్నం ముద్ద గుండెల దగ్గర ఆగిపోతోందన్నాడు. కొన్నాళ్లకు ముద్దకో గుక్క నీళ్లు తాగేవాడు. తర్వాత అన్నం మానేసి జావలోకి దిగాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూడా గ్యాస్ బిళ్లలే రాశారు. "గ్యాసేనంట అల్లుడూ" అని నాతో నవ్వుతూ చెప్పాడు. అలా నాలుగు నెలలు పోయాయి.

చివరికి పరీక్ష చేయించుకోమని చీటీ రాసినప్పుడు ఆ ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసే డాక్టరు లేరు, సిటీ స్కాన్ యంత్రం పాడై ఉంది. ప్రైవేటు సెంటర్‌లో పరీక్షలకు ఆయన రెండు నెలల జీతం అయింది. బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహిక మధ్యలో తెల్లటి చార ఒక్కసారిగా సన్నబడి, అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. సిటీలో లివర్ మీద మచ్చలు కనిపించాయి. ఆపరేషన్ దశ దాటిపోయిందన్నారు. మూడు నెలలకు మామ వెళ్లిపోయాడు.

బీడీ కాల్చాడు, మందు తాగాడు, తప్పు ఆయనదేనన్న వాళ్లున్నారు. పొగాకూ మద్యమూ ఈ క్యాన్సర్‌కు కారణాలన్నది నిజమే. కానీ మురుగు కంపులోకి రోజూ దిగే పనిని ఒకే కులానికి అంటగట్టిన సమాజం, ఆ కంపు మరవడానికి తాగిన మనిషికి నీతులు చెప్పకూడదు.

ఈ పరీక్షల సంగతి మనవాళ్లందరికీ తెలియాలి. అన్నవాహిక సాగే గొట్టం. గడ్డ బాగా పెరిగి దారి ఇరుకయ్యేదాకా ఇబ్బంది తెలియదు. అందుకే ముందు గట్టి తిండి, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్లు కూడా ఆగిపోవడం, దాంతోపాటు బరువు తగ్గడం ప్రమాద సంకేతం. మొదటి నుంచీ నీళ్లు కూడా దిగకపోతే అది క్యాన్సర్ కాని అకలేషియా కావచ్చు. దానిలో బేరియం చార పిట్ట ముక్కులా నున్నగా సన్నబడి కనిపిస్తుంది. దానికి మంచి వైద్యం ఉంది. కడుపు గోడంతా క్యాన్సర్ పాకి బిగుసుకుపోతే ఎక్స్‌రేలో అది తోలుతిత్తిలా కనిపిస్తుంది.

బేరియం పరీక్ష అడ్డు ఎక్కడుందో, ఎంత పొడవుందో చూపిస్తుంది. చిన్న పుండు దానికి దొరక్కపోవచ్చు. ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షిస్తేనే జబ్బు ఖాయమవుతుంది. అది ఎంత దూరం పాకిందో సిటీ చెబుతుంది. గోడలో ఎంత లోతుకు దిగిందో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చెబుతుంది. ఏదీ కొత్త విద్య కాదు. ఎక్స్‌రే కనుక్కున్నది 1895లో.

మామ దగ్గర ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంది. 2018లో వచ్చిన ఆ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఇస్తామంటుంది. అయితే అది ఆసుపత్రిలో చేరిన వాళ్లకు. చేరడానికి ముందు 3 రోజుల్లో చేసిన పరీక్షలకే అది వర్తిస్తుంది, ఓపీ ఖర్చులకు వర్తించదు. జబ్బేమిటో తేలితేనే చేర్చుకుంటారు, పరీక్ష చేస్తేనే జబ్బు తేలుతుంది. ఆ పరీక్ష డబ్బులు కూలి మనిషే పెట్టుకోవాలి. ఆ నాలుగు నెలలూ మామ జేబులో కార్డు ఉంది, పనికి రాలేదు.

జపాన్‌లో 1960ల నుంచే ఎక్స్‌రే బస్సులు ఊళ్లకు వెళ్లి, జనానికి బేరియం తాగించి కడుపు క్యాన్సర్ కోసం వెతికాయి. జబ్బు అక్కడ ఎక్కువ కనుక అలా చేశారు. దేశమంతా అదే చేయమని నేను అడగడం లేదు. అయితే మన దగ్గర కూడా ఐజ్వాల్‌లో కడుపు క్యాన్సర్, మేఘాలయ ఖాసీ కొండల్లో అన్నవాహిక క్యాన్సర్ చాలా ఎక్కువని క్యాన్సర్ రిజిస్ట్రీలే చెబుతున్నాయి. రెండూ ఆదివాసీ ప్రాంతాలు. అక్కడికి వెళ్లాల్సిన బస్సు ఏది?

1992లో బెంగాల్‌లో హకీమ్ షేక్ అనే వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, పడక లేదు, సౌకర్యం లేదు అంటూ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. ఆయన సంఘం పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘనేనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని చెప్పింది. అది అత్యవసర వైద్యం గురించిన తీర్పు. ముద్ద దిగని మనిషిది కూడా అత్యవసరమే, రోజులు గడిచేకొద్దీ ప్రాణం పోతుంది.

ప్రజారోగ్యం రాజ్యం ప్రాథమిక బాధ్యతల్లో ఒకటని 47వ అధికరణ చెబుతోంది. బాబాసాహెబ్ నాయకత్వంలో రాసుకున్న ఆ మాటకు అర్థం ఉండాలంటే మూడు పనులు జరగాలి. మింగలేని మనిషికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో రెండు వారాల్లోపు ఎండోస్కోపీ, సిటీ ఉచితంగా చేయాలి. దానికి యంత్రంతో పాటు మనిషినీ నియమించాలి. ఆరోగ్య కార్డులు ఓపీ పరీక్షలకూ వర్తించాలి. క్యాన్సర్ లెక్కల్లో రోగి వృత్తి, కులం కూడా ప్రచురించాలి. ఎవరు ఆలస్యంగా వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

అప్పటిదాకా మీ ఇంట్లో ఎవరైనా ముద్దకో గుక్క నీళ్లు తాగుతుంటే గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకోకండి. ఎండోస్కోపీ రాయమని డాక్టరును గట్టిగా అడగండి. ఆ మాట నేను నాలుగు నెలలు ఆలస్యంగా అడిగాను.