సరదా ఎవరికండీ?

1991లో వచ్చిన ‘ఎక్స్‌రోచ్’ ప్రోగ్రాంలో తెరమీద విండో జరిపితే చాలు, కింద నక్కిన బొద్దింకలు చెల్లాచెదురుగా పరుగెత్తి మరో విండో కింద దూరేవి. 1995లో జపాన్‌లో పుట్టిన గొర్రెపిల్లయితే విండోల అంచులమీద తిరిగి కునుకు తీసేది. ముచ్చటే! కానీ ‘హార్డ్‌డిస్క్ మొత్తం చెరిగిపోతోంది’ అని ఉత్తుత్తినే బెదిరించేవీ ఉండేవి.

ఆ రోజుల్లో మా వర్ధన్నపేట నుంచి బస్సెక్కి వరంగల్‌లో కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. తోటి అమ్మాయి మిషన్లో అలాంటిదే పెట్టారు మగపిల్లలు. నష్టం ఎవరు కట్టాలోనని బిక్కచచ్చిపోయింది. మర్నాటి నుంచి రానేలేదు.

‘సరదాకి చేస్తే మానేయాలా?’ అన్నారంతా. ఇంట్లో కంప్యూటరున్న వాడికది సరదా. తల్లి చీటీ పాడి ఫీజు కట్టిన పిల్లకి ఎలా అవుతుంది? పక్కన కూచుని ‘ఉత్తదేలే, ఈ కీ నొక్కితే పోతుంది’ అని ఒక్కరు చెప్పుంటే, తనూ నవ్వేది.