నలభైల్లో మా కట్టు, మా ఇష్టం: ఒక ప్రణాళిక

మేం నలభై దాటిన ఆడవాళ్ళం. మాలో టీచర్లున్నారు, నర్సులున్నారు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళున్నారు, ఇల్లు నడిపేవాళ్ళున్నారు, మిషను కుట్టి ఇల్లు నిలబెట్టినవాళ్ళున్నారు. చిన్నప్పుడు అమ్మ కుట్టించిన గౌను తొడుక్కున్నాం. పెళ్ళికి పెద్దవాళ్ళు ఎంచిన పట్టుచీర కట్టుకున్నాం. ఆ తర్వాత పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు పెట్టిన చీరలు, పిల్లల్ని ఎత్తుకోవడానికి వీలుగా ఉండే చుడీదార్లు, వంటింట్లో నైటీలు. వీటి మధ్య నాకేది నచ్చుతుందో ఆలోచించుకునే తీరిక ఎవరికీ చిక్కలేదు.

ఇప్పుడు పిల్లలు తమ పనులు తాము చేసుకుంటున్నారు. మాలో చాలామంది చేతిలో కాస్త సొంత డబ్బు ఆడుతోంది. ఒళ్ళు మారుతోంది. కాబట్టి ఏం కట్టుకోవాలో కొత్తగా నిర్ణయించుకోవలసిన వయసూ, నిర్ణయించుకోగల వయసూ ఇదే. ఆ నిర్ణయం మాదేనని ప్రకటిస్తూ ఈ సూత్రాలు రాసుకున్నాం.

1. ఇప్పుడున్న ఒంటికే కుట్టించుకుంటాం.

కాన్పులు, ఆపరేషన్లు, థైరాయిడ్, నిద్ర చాలని ఏళ్ళు ఒంటిని మార్చాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సన్నబడ్డాక వేసుకుందామని దాచిన జాకెట్లు బీరువా తెరిచినప్పుడల్లా మనసు చివుక్కుమనిపిస్తాయి. కుట్లు విప్పితే సరిపోయేవాటిని విప్పిస్తాం, సరిపోనివాటిని ఇచ్చేస్తాం. పాత జాకెట్టు ఆదికిచ్చి అదే కొలతతో కుట్టమనే అలవాటు మానుకుని, ఏటా కొత్తగా కొలతలు ఇస్తాం. చంక దగ్గర బిగుసుకోని, చెయ్యి పైకెత్తితే పైకి లాగని జాకెట్టు మా హక్కు.

మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది. దానికి ముందు కొన్నేళ్ళు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు. ఆ రోజుల్లో లైనింగు వేసిన బిగుతు జాకెట్టు, పాలియెస్టర్ కుర్తీ నరకం. ఈ మార్పు గురించి గుసగుసలు మాని బయటికే మాట్లాడుకుంటాం. దానికి తగ్గ బట్టా ఎంచుకుంటాం.

2. ఎండను చూసి బట్ట ఎంచుకుంటాం.

రెంటచింతలలో, రామగుండంలో ఎండాకాలం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. చెమట పీల్చే నూలు మన నేలకు తగిన బట్ట. గంజి పెట్టి ఇస్త్రీ చేసే తీరిక లేనివాళ్ళు గంజి లేకుండానే నూలుచీర కట్టుకోవచ్చు. నాలుగు ఉతుకులకు మెత్తబడిన మంగళగిరి చీర ఒంటిని ఇబ్బంది పెట్టదు. బస్సులో నిలబడి వెళ్ళే రోజుకు కుర్తీ, పంజాబీ డ్రెస్సు, ప్యాంటు, ఏది వీలైతే అదే సరైనది. చీర కట్టుకున్నామె ఎక్కువా కాదు, ప్యాంటు వేసుకున్నామె తక్కువా కాదు.

3. వయసుకు తగ్గట్టు ఉండాలన్న మాటను ఒప్పుకోం.

నలభై దాటితే లేతరంగులు, పొడుగు చేతులు, మూసిన మెడ అన్న నియమం ఎవరు పెట్టారు? సంప్రదాయం పేరుతో ఈ మాట అంటారు గానీ, సంప్రదాయం ఏనాడూ ఒక్కచోట నిలవలేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు గోచీ పోసి కట్టారు. వాళ్ళ కూతుళ్ళు కుచ్చిళ్ళు పోసి నైలాన్, వాయిల్ చీరలు కట్టారు. ఇవాళ దేశమంతా కట్టే ఆ కుచ్చిళ్ళ కట్టుకు నివి అని పేరు, అది తెలుగునాటి కట్టేనంటారు. ప్రతి తరమూ తన పనికీ బతుక్కీ తగ్గట్టు కట్టు మార్చుకుంది. ఆ పని మేమూ చేస్తున్నాం.

ఈ సూత్రంలోనే మరో మాట. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఇన్ని తరాలు గడిచినా, నలభైల్లో భర్తను పోగొట్టుకున్న మనిషి బీరువాలోంచి రంగులు తీసేయడం చాలా ఇళ్ళల్లో ఆగలేదు. మాలో అలాంటివాళ్ళు ఎర్రచీర కడతారు, బొట్టు పెట్టుకుంటారు, పూలు పెట్టుకుంటారు, ఇష్టం లేకపోతే పెట్టుకోరు. పేరంటానికి వాళ్ళను ముందు వరసలో కూర్చోబెడతాం.

4. నచ్చేదేమిటో వెతికి తెలుసుకుంటాం.

సొంత తీరు దుకాణంలో దొరకదు. అది మన బీరువాలోనే ఉంది. ఎక్కువసార్లు కట్టుకున్న బట్టలన్నీ తీసి మంచం మీద పరుస్తాం. వాటిలో ఏముందో చూస్తాం: ఏ రంగులు, ఎంత వెడల్పు అంచు, ఎలాంటి మెడ, చేతులు ఎక్కడిదాకా, ఎంత బరువు. ఒక్కసారే కట్టి మడతపెట్టినవి పక్కన పెట్టి, ఎందుకు నచ్చలేదో చూస్తాం. గుచ్చుకుందా, జారిందా, ఎవరో బాగుందన్నారని కొన్నామా? ఈ జవాబులు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే, తగ్గింపు ధరల బోర్డు మనచేత అక్కర్లేనిది కొనిపించలేదు.

5. ఫంక్షన్ల కోసం అప్పు చేయం.

ఒక పెళ్ళికి కట్టిన పట్టుచీర ఇంకో పెళ్ళికీ కడతాం. ఫొటోల్లో మళ్ళీ అదే చీరా అని అడిగితే, అవును, నాకిష్టమైన చీర అంటాం. చీర ఖరీదును మించి మగ్గం వర్కు జాకెట్టు ఉండాలన్న పోటీలోంచి తప్పుకుంటున్నాం. ఒకరు పెట్టింది ఇంకొకరికి పెడుతూ ఊళ్ళు తిరిగే పెట్టుబడి చీరలకు స్వస్తి చెబుతున్నాం. ఒడిబియ్యానికైనా, గృహప్రవేశానికైనా, తీసుకునే వదినకు ఏది ఇష్టమో ముందే అడిగి తెస్తాం.

6. నేసినవాళ్ళను తెలుసుకుని కొంటాం.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు. పోచంపల్లిలో నూలుకు ముందే చిటికి కట్టి, రంగులద్ది, ఆపైన నేస్తారు. అందుకే అసలైన ఇక్కత్ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చువేసిన నకిలీకి వెనకవైపు వెలవెలబోతుంది. తిరగేసి చూడటం నేర్చుకుంటాం, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉందో లేదో చూస్తాం. 1905 స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు ఫొటో దిగి ఊరుకుంటే నేతగాడి కడుపు నిండదు. తక్కువ కొంటాం, సరైన ధరకు కొంటాం, ఏళ్ళ తరబడి కడతాం.

7. కుట్టేవాళ్ళను గౌరవిస్తాం.

పండగ ముందురోజు బట్ట పడేసి తెల్లారేసరికి కావాలనం. కుట్టుకూలి దగ్గర బేరమాడం. ఏం కావాలో స్పష్టంగా చెబుతాం: పక్కకుట్లలో అంగుళం బట్ట వదలాలి, మెడ ఇంతే దించాలి, కుర్తీకి జేబు పెట్టాలి. ఫోనూ తాళాలూ పట్టే జేబు మగవాళ్ళ చొక్కాకు ఉన్నప్పుడు మా బట్టలకూ ఉండాలి.

8. ఇంకొకరి ఒంటి మీద తీర్పు చెప్పం.

లావయ్యావేంటి, నల్లబడ్డావేంటి, ఈ వయసులో ఈ రంగేంటి అన్న పలకరింపులు మా నోట రావు. మా కూతుళ్ళకు, కోడళ్ళకు కూడా ఇదే మాట ఇస్తున్నాం. మేం పడ్డ ఆంక్షలు వాళ్ళకు అప్పగించం.

కార్యక్రమం

నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. కట్టని చీరలు తెచ్చి మార్చుకుంటాం. చిన్న చిన్న మరమ్మతులు, కుట్లు విప్పడం, గుండీలు కుట్టడం చేతకానివాళ్ళకు నేర్పుతాం. ఏడాదికోసారి దగ్గర్లోని నేతగాళ్ళ ఊరికి వెళ్ళి, మగ్గం ముందు కూర్చుని, నేసినవాళ్ళ చేతిలోనే డబ్బు పెట్టి కొంటాం. ఈ సమావేశాల్లో ఎవరి జీతం ఎంత, ఎవరి చీర ఎంత అన్న లెక్కలు ఉండవు. కొనడానికి డబ్బు లేనివాళ్ళకూ ఇక్కడ సమానమైన చోటుంది, ఎందుకంటే ఉన్నవాటిలోంచి ఎంచుకోవడమే మా మొదటి పని.

చెల్లెళ్ళారా, అక్కలారా! ఈ ప్రణాళికలో చేరడానికి చందా లేదు, సంతకం లేదు. ఈ ఆదివారం బీరువా తెరవండి. మీకు పట్టనిదాన్ని, మీకు నచ్చనిదాన్ని బయట పెట్టండి. మిగిలినవాటిలో మీకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని ఏ పండగా లేకపోయినా సోమవారం పొద్దున్నే కట్టుకుని పనికి వెళ్ళండి.