మైదానం మగపిల్లలకు, ముగ్గుల పోటీ మనకు

ప్రపంచ కప్పు గెలిచాక వచ్చిన మొదటి సంక్రాంతికి, తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊళ్ళో ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని నన్ను పిలిచారు. బడి మైదానంలో మగపిల్లల క్రికెట్ టోర్నమెంటు జరుగుతోంది. గేటు దగ్గర శ్రీ చరణి బొమ్మతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ నీడలో పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్లలు వంగి ముగ్గులు పెడుతున్నారు. గెలిచిన కుర్రాళ్ళ జట్టుకు పాతిక వేల రూపాయలు. గెలిచిన ముగ్గుకు కుక్కరు. "ఆడపిల్లలకు మ్యాచ్ పెట్టలేదేం?" అని అడిగాను. "వాళ్ళకి ముగ్గుల పోటీ ఉందిగా మేడం గారూ" అన్నాడు నిర్వాహకుడు. ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే సమానంగా పంచానని ఆయన నమ్మకం.

శ్రీ చరణి గెలుపు చూసి సంతోషించని వాళ్ళం ఎవరమూ లేము. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలోని పల్లె నుంచి వచ్చిన పిల్ల, 2025 ఏప్రిల్‌లో మొదటి వన్డే ఆడి, అదే సంవత్సరం నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించిన జట్టులో ఉంది. ఆ టోర్నమెంటులో 14 వికెట్లు తీసింది. నా పేచీ ఆ పిల్లతో కాదు. ఆమెను చూపించి సన్మాన సభల్లో మనకు అప్పజెప్పే పాఠంతో. "ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు" అంటారు. ఆపగలరు. రోజూ ఆపుతూనే ఉన్నారు. మేనమామ ప్రోత్సహించాడని చరణి గురించి పత్రికల్లో చదివాం. మంచిదే. అలాంటి మేనమామ లేని పిల్ల మాటేమిటి?

కొల్లేటి లంక గ్రామంలో అలాంటి పిల్లను నేను చూశాను. పేరు రాయను. వేసవిలో సరస్సు ఎండి నెర్రెలు విచ్చిన చోట మగపిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటే, గట్టు మీద నిలబడి బయటికొచ్చిన బంతి విసిరే పని ఆమెది. ఎడమ చేత్తో ఆమె విసిరిన బంతి నేరుగా వికెట్లకు తగిలేది. రెండు మూడుసార్లు బౌలింగు ఇచ్చి, ఔటయిన కుర్రాళ్ళకు నామోషీ అయ్యాక మానేశారు. తల్లి తెల్లవారుజామునే వ్యానెక్కి రొయ్యల షెడ్డుకు పోతుంది. కిలో లెక్కన కూలి. ఇంట్లో వంటా, తమ్ముడూ ఈ పిల్ల మీదే. ఏలూరులో సెలక్షన్స్ ఉన్నాయని తెలిసి నేనే వెళ్ళి చెప్పాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలన్నారు. బడి రికార్డులో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. పొద్దున ఏడింటికల్లా మైదానంలో ఉండాలి, ఆ వేళకు అందే బస్సు లేదు. ముందురోజు ఏలూరు వచ్చి మా ఇంట్లో పడుకోమన్నాను. తండ్రి ఒప్పుకోలేదు. "ఏం చెయ్యమంటావక్కా, రేపు దీనికి సంబంధం చూడాలంటే ఇవన్నీ అడుగుతారు" అంది తల్లి. ఆ పిల్ల అప్పటికి ఎనిమిదో తరగతి.

ఆమెను ఏ సెలెక్టరూ కాదనలేదు. సెలెక్టరు కంటపడే దాకా ఆమె రానేలేదు. జట్టు ఎంపిక అంటే ఐదుగురు గదిలో కూర్చుని పదిహేను పేర్లు రాయడం అనుకుంటాం. అంతకంటే ముందు వంటింట్లో ఒక ఎంపిక, బస్టాండులో ఒక ఎంపిక, బడిలో ఆటల పీరియడ్‌లో ఒక ఎంపిక జరిగిపోతాయి. ఆ ఎంపికలకు జాబితా లేదు కాబట్టి, జాబితాలో పేరు లేదని అడిగే వాళ్ళూ లేరు.

ఇన్నీ దాటి జట్టులోకి వెళ్ళిన పిల్లల సంగతి చూద్దాం. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మీద జరిగిన సిరీస్‌లో ఇద్దరు పదహారేళ్ళ పిల్లలు భారత జట్టులో మొదటిసారి ఆడారు. ఒకరు స్మృతి మంధాన. రెండోవారు మన విశాఖపట్నం అమ్మాయి స్నేహ దీప్తి. మంధాన ఈ రోజు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. స్నేహ దీప్తికి దక్కినవి ఒక వన్డే, రెండు టీ20లు. ఇద్దరి ఆటా ఒకటేనని నేను వాదించడం లేదు. పదహారేళ్ళ పిల్లను మూడు మ్యాచ్‌లలో తూచి పక్కన పెట్టేయవచ్చా అని అడుగుతున్నాను. పదేళ్ళ తర్వాత, 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఆమె ఢిల్లీ జట్టులోకి వచ్చింది, ఒక పాపకు తల్లిగా. పత్రికలు తల్లి అయ్యాక తిరిగొచ్చిందని రాశాయి గానీ, మధ్యలో ఆ పదేళ్ళు ఏమయ్యాయని అడగలేదు. సబ్బినేని మేఘన 2016లో విజయవాడ దగ్గర మూలపాడులో వెస్టిండీస్ మీద ఆడింది. ఆ ఏడాది దాటాక మళ్ళీ పిలుపు వచ్చింది 2022లో. ఆటగత్తె వయసులో అయిదేళ్ళంటే ఎంతో లెక్క వెయ్యండి.

2019 ప్రపంచ కప్పుకు అంబటి రాయుడిని తీసుకోనప్పుడు ఏలూరు టీ కొట్లలో ఎంత రభస! 'త్రీడీ' అన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాయుడికి అన్యాయం జరిగిందనే నేనూ అంటాను. అతని కోసం చర్చించుకున్న వాళ్ళలో స్నేహ దీప్తి పేరు విన్న వాళ్ళెందరు? మగవాడిని తీసేస్తే కారణం అడుగుతాం. ఆడపిల్లను తీసేస్తే పెళ్ళి చేసుకుంటుందిలే అనుకుంటాం.

మిథాలీ రాజ్ అంతటి మనిషికే దిక్కు లేకపోయింది. 1997 ప్రపంచ కప్పుకు ప్రాబబుల్స్‌లో పేరు ఉండి కూడా పద్నాలుగేళ్ళ పిల్లను తుది జట్టులోకి తీసుకోలేదు. సికింద్రాబాదులో పెరిగిన ఆ అమ్మాయి 1999 జూన్‌లో ఐర్లండు మీద తొలి మ్యాచ్‌లోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. 2018 నవంబరులో, రెండు వరుస ఇన్నింగ్స్‌లో అర్ధ సెంచరీలు చేసి ఉన్నా, టీ20 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఆమెను కూర్చోబెట్టారు. ఇంగ్లండు ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచింది. తన బాధంతా ఆమె బోర్డుకు ఉత్తరం రాసుకోవలసి వచ్చింది. ఆమె ఉత్తరం రాస్తే దేశం చదివింది. లంక గ్రామం నుంచి వచ్చిన పిల్ల ఎవరికి రాయాలి?

మహిళా జట్టును ఎంపిక చేసేది స్త్రీలే కదా అని అడుగుతారు. నిజమే. 2020 నుంచి నీతూ డేవిడ్, 2025లో ఆమె తర్వాత అమితా శర్మ ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు. అయితే తమ దాకా చేరిన పిల్లల్లోంచే వాళ్ళు ఏరుకోవాలి. డబ్బూ, మైదానాలూ, మ్యాచ్‌ల సంఖ్యా నిర్ణయించే కుర్చీలు వేరే ఉన్నాయి. 2022 అక్టోబరులో మ్యాచ్ ఫీజులు సమానం చేశామని చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ సీజన్లోనే ఏడాది ఒప్పందం కింద మగవాళ్ళ పై గ్రేడుకు 7 కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడుకు 50 లక్షలు. మగవాళ్ళ లీగు 2008లో వచ్చింది, ఆడవాళ్ళ లీగు 2023లో. ఆ పదిహేనేళ్ళలో ఎంతమంది పిల్లలు పెళ్ళిపీటలెక్కి బ్యాటు అటక మీద పెట్టేశారో ఎవరు లెక్క రాశారు?

రోహ్‌తక్‌లో ఆడపిల్లలకు అకాడమీ లేక జుట్టు కత్తిరించుకుని మగపిల్లల్లో ఆడిన షఫాలీ వర్మకు 2025 ప్రపంచ కప్పు జట్టులో మొదట చోటే లేదు. ప్రతీకా రావల్‌కు గాయమైతే పిలిచారు. ఫైనల్లో 87 పరుగులు, రెండు వికెట్లు. అదృష్టం అన్నారందరూ. ఇంకొకరి కాలు బెణికితే తప్ప తలుపు తెరుచుకోకపోవడాన్ని నేను అదృష్టం అనను.

ఇక మన సంగతి. సారా మీద పోరాడాం, వరకట్నం కేసుల్లో పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగాం. ఆట మన అజెండాలోకి రాలేదు. మా సంఘం సమావేశంలో లంక పిల్ల విషయం ఎత్తితే, "తిండికి లేకపోతే క్రికెట్ ఏమిటమ్మా" అన్నారు ఒక పెద్దావిడ. ఆ మాట మగపిల్ల బ్యాటు కొనమన్నప్పుడు ఏ ఇంట్లోనూ వినలేదు నేను. ఊరి చెరువు పాట డబ్బుతో గుడికి రంగులు పడతాయి, కుర్రాళ్ళకు కప్పులూ కిట్లూ వస్తాయి. ఆ డబ్బులో ఆడపిల్లకు వాటా అడగడం ఆస్తి హక్కు అడగడం లాంటిదే.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఆదివారం పొద్దున వెళ్ళి చూడండి, ఎన్ని జట్లు ఆడుతుంటాయో. ఒక్క ఆడపిల్ల కనపడదు. పోయిన నెల మేం పదకొండుమందిమి అక్కడికి వెళ్ళాం, ఆరుగురు బడిపిల్లలు, మిగతా అందరం మధ్య వయసు ఆడవాళ్ళం. మాలో సగంమందికి బ్యాటు పట్టడం రాదు. ఒక కుర్రాడు వచ్చి, "ఆంటీ, ఇక్కడ మ్యాచ్ ఉందండి" అన్నాడు. మాక్కూడా ఉందని చెప్పి స్టంపులు పాతాం. మండల స్థాయి సెలక్షన్స్, ఆడపిల్లలకు వారంలో రెండు పూటలు మైదానం, లంకల నుంచి బస్సు, తీసేసినప్పుడు రాతపూర్వకంగా కారణం కావాలని అర్జీ రాశాం. వచ్చే నెల మొదటి సోమవారం ఏలూరు కలెక్టరేటులో ఇస్తాం. రాగలిగిన సంఘాలు పది గంటలకు గేటు దగ్గర కలవండి, వెంట పిల్లల్ని తీసుకురండి.