సగటు దూరం ఎవరు నడుస్తారు?

ఆసుపత్రి ఎక్కడ పెట్టాలన్న లెక్క వచ్చేసరికి మన ప్రణాళికల పెద్దలు మొదట అడిగేది జనాభా ఎంత అని. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి. ఉప కేంద్రమైతే 5,000కి, కొండల్లో 3,000కి. ఏజెన్సీకి సడలింపు ఇచ్చామని గొప్పలు కూడానూ! పాడేరు కొండల్లో మూడు వేల మంది ఒకచోట ఎక్కడున్నారయ్యా? ఇరవై ఇళ్లు ఈ గట్టు మీద, పదిహేను ఇళ్లు ఆ గట్టు వెనక, మధ్యలో గెడ్డ.

రోడ్డు పక్క ఊళ్లో 900 మంది, పది కిలోమీటర్ల అవతల కొండ మీద 100 మంది ఉన్నారనుకుందాం. ఆసుపత్రి రోడ్డు పక్కన పెడితే సగటు దూరం ఒక్క కిలోమీటరే. ఫైల్లో ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ కిలోమీటరు నడిచేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. తొమ్మిది వందల మందికి గడప ముందే వైద్యం, మిగతా వంద మందికి పదికి పదీ నడక.

ఆ పదీ దాటించేది డోలీ. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, నెలలు నిండిన మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. భుజం మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు పక్కనే నడుస్తారు. దిగుడులో బరువంతా ముందువాడి మీదే. వానాకాలం రాళ్లు పాచిపట్టి కాలు నిలవదు. రోడ్డు ఆగిన చోటే 108 ఆగుతుంది. 2005 నుంచి ఆ బండి ఎన్ని ప్రాణాలు నిలిపిందో నాకు తెలుసు, దాన్ని తిట్టను. సిగ్నల్ అందని గట్టు మీంచి దానికి ఫోనెలా కొడతారన్నదే నా ప్రశ్న.

"అయితే గూడేనికో ఆసుపత్రి కట్టమంటారా?" అని వెటకారం. ఎవరడిగారు? పోనీ న్యాయం పేరుతో దాన్ని సగం దారిలో, అడవిలో కడితే అందరికీ ఐదేసి కిలోమీటర్లు మిగులుతాయి, డాక్టరు మాత్రం మిగలడు. పొదుపుతో నాకు పేచీ లేదు, వరుసతోనే పేచీ. ఎంత మారుమూల మనిషికైనా ఇంత సమయం దాటకూడదని ముందు హద్దు గీయండి. ఆ హద్దు లోపల ఎంత పొదుపు చేసుకుంటారో మీ ఇష్టం. ఇప్పుడు జరిగేదంతా తలకిందులు: ముందు పొదుపు, ఏమైనా మిగిలితే న్యాయం.

ఇది నా గొంతెమ్మ కోరికేం కాదు. అరగంట నడకలో ఉప కేంద్రం ఉండాలన్న కొలతను కొండ రాష్ట్రాల్లో, ఎడారి ప్రాంతాల్లో ఎంపిక చేసిన జిల్లాలకు కేంద్ర ఆరోగ్య శాఖే ఒప్పుకుంది. హిమాలయాల్లో ఉంటేనే కొండా? పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాకూ అదే గడియారం పెట్టండి. అరగంటలో చేరలేని గూడేల మధ్య ఏఎన్‌ఎంకి ఇల్లు కట్టించి అక్కడే ఉంచండి. వారం వారం జనం ఎలాగూ దిగివచ్చే సంతలో డాక్టరుని కూర్చోబెట్టండి. కాన్పుకి ముందే తల్లులను దింపి ఉంచే వసతి గృహాల్లో వెంట వచ్చే పిల్లలకీ అన్నం పెట్టండి. ఇంటి దగ్గర పసివాళ్లను వదిలేసి ఏ తల్లి వస్తుంది?

తలసరి ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చు డోలీ మోసేవాళ్ల భుజాల మీద వేశారు గనకే మీ లెక్క చవగ్గా తేలింది. ఈసారి ప్రతిపాదన పంపేటప్పుడు సగటు దూరం గడి పక్కన ఇంకో గడి గీయండి: అందరికన్నా దూరాన ఉన్న గూడెం పేరు, అక్కణ్నుంచి శ్రావణమాసంలో డోలీకి ఎన్ని గంటలు. ఆ గడి ఖాళీగా ఉన్న ఫైలు మీద ఏ అధికారీ సంతకం పెట్టకూడదు.