మళ్లీ లాగిన్ అడగండి, కానీ నింపిన ఫామ్ పోగొట్టకండి

పోయిన నెల మా నాన్న తన కొత్త ఫోన్‌లో ఒక దరఖాస్తు నింపుతున్నారు. మధ్యలో పాస్‌బుక్ వెతకడానికి లేచి, పావుగంటకి వచ్చి సబ్మిట్ నొక్కారు. లాగిన్ పేజీ వచ్చింది. లాగిన్ అయితే హోమ్ పేజీకి తీసుకెళ్లింది. నింపిందంతా పోయింది. "నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నాను రా, లేకపోతే ఈ ఫోనే బాలేదేమో" అన్నారు.

తప్పు ఆయనదీ కాదు, ఫోన్‌దీ కాదు. 12 జీబీ ర్యామ్ ఉన్నా ఇదే జరిగేది. తప్పు మా డెవలపర్లది.

సెషన్‌కి టైమ్ పెట్టడం అవసరమే. ఫోన్ ఎవరి చేతిలోనైనా పడొచ్చు. టైమ్ అయిపోయాక ఏం చేస్తున్నామన్నదే నా గొడవ.

సర్వర్ 401 అందంటే "నువ్వెవరో తెలీదు, లాగిన్ అవ్వు" అని. 403 అంటే "నువ్వెవరో తెలుసు, కానీ నీకు ఇక్కడ అనుమతి లేదు" అని. రెండింటికీ లాగిన్ పేజీయే చూపించే సైట్లు ఉన్నాయి. అనుమతే లేనప్పుడు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొడితే ఏం లాభం?

ఇంకో తలనొప్పి ఉంది. పేజీ వెనకాల నడిచే రిక్వెస్ట్‌కి 401 ఇవ్వకుండా 302తో లాగిన్ పేజీకి మళ్లిస్తే, బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా అక్కడికెళ్లి, ఆ పేజీని 200తో తెచ్చిస్తుంది. డేటా కోసం చూస్తున్న కోడ్‌కి అది అర్థం కాదు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. మనం నెట్ స్లో అనుకుంటాం.

నా మొదటి ప్రాజెక్టులో నేనూ ఇదే రాశాను. ఒక్క లైన్‌తో అయిపోతుంది కదా అని.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. టైమ్ అయ్యే ముందు హెచ్చరించాలి. డ్రాఫ్ట్ సేవ్ చేయాలి. లాగిన్ అయ్యాక ఉన్న పేజీకే తిరిగి పంపాలి. ఆ తిరుగు అడ్రస్ మన సైట్‌దేనా అని చెక్ చేయాలి, లేదంటే మోసగాళ్లు అందులో నకిలీ సైట్ లింక్ పెడతారు. మళ్లీ లాగిన్ అయ్యాక డేటా పోకూడదని 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0లోనే ఉంది. అది పై స్థాయి నియమం, తప్పనిసరేం కాదు. నా దృష్టిలో అయితే తప్పనిసరి చేయాల్సిందే.

మీకూ ఇలా జరిగితే ఫోన్‌ని తిట్టకండి, ఆ సైట్ వాళ్లకి ఫిర్యాదు పెట్టండి. నాన్న ఇప్పుడు ఏ ఫామ్ అయినా ముందు కాగితం మీద రాసుకుని మొదలుపెడుతున్నారు. ఆన్‌లైన్ దరఖాస్తుకి కాగితం కాపీ! మాకు సిగ్గుగా ఉండాలి.