వయసు తీసుకునేది, మనిషి వదులుకునేది

పరుగు పందేల్లో 800 మీటర్లు, 1,500 మీటర్లు, 1,609 మీటర్ల మైలు వంటివాటిని మధ్యదూర పరుగులు అంటారు. వంద, రెండు వందల మీటర్ల పందెంలోలా ఊపిరి సంగతి మరచి ఒక్క ఉదుటున దూసుకుపోవడానికి వీటిలో వీలుండదు. అలాగని మారథాన్‌లోలా శ్వాస కుదుటపడిన వేగాన్ని పట్టుకుని గంటల తరబడి సాగిపోవడానికీ వీలుండదు. పరుగెత్తేవారి వయసునూ సత్తువనూ బట్టి రెండు నిమిషాల నుంచి పది నిమిషాల వరకు, శరీరం భరించగల హద్దుకు కాస్త ఇవతల నిలిచి పరుగెత్తవలసి ఉంటుంది. అరవై దాటినవారికి ఇటువంటి పరుగు తగదన్న అభిప్రాయం సమాజంలో లోతుగా పాతుకుపోయింది. వైద్యులు నడవమంటారు, ఇంట్లోవారు అదీ నెమ్మదిగా నడవమంటారు, మరీ ఉత్సాహం ఉన్న పెద్దలు 10 కిలోమీటర్ల పరుగుకో హాఫ్ మారథాన్‌కో పేరిచ్చి వస్తారు. ఎంత దూరమైనా ఫరవాలేదు గాని వేగం మాత్రం వద్దన్నదే ఈ అందరి మాటల సారాంశం. ఈ సలహాలో సగమే నిజం ఉంది. శరీరం నుంచి వయసు తీసుకునేది కొంతయితే, వయసు పేరు చెప్పి మనిషి తానుగా వదులుకునేది మరికొంత. ఆ రెండింటినీ విడదీసి చూపించే సాధన ఏదైనా ఉందంటే అది మధ్యదూర పరుగే.

పరుగెత్తే కండరానికి శక్తి ప్రధానంగా రెండు దారుల్లో అందుతుంది. గాలి నుంచి పీల్చుకున్న ఆక్సిజన్‌తో ఆహార పదార్థాలను దహింపజేసుకునే దారి మొదటిది. ఆక్సిజన్ చాలినంత అందేలోగా, కండరంలో నిల్వ ఉన్న ఇంధనాన్ని అది లేకుండానే వేగంగా వాడుకునే దారి రెండోది. ఈ రెండో దారి త్వరగా అలసటకు దారితీస్తుంది. 800 మీటర్ల పందెంలో మూడింట రెండు వంతుల శక్తి, 1,500 మీటర్ల పందెంలో దాదాపు 84 శాతం శక్తి మొదటి దారిలోనే వస్తాయని శిక్షణ పొందిన క్రీడాకారులపై జరిపి 2001లో ప్రచురించిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి లెక్కగట్టింది. వయసు మళ్లినవారికి అదే దూరం దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది గనుక ఆక్సిజన్ వాటా మరింత పెరుగుతుంది. అందుచేత మధ్యదూర పరుగు గుండెకూ ఊపిరితిత్తులకూ కండర బలానికీ ఒకేసారి పని పెడుతుంది. ఈ మూడింటిలో ఏది బలహీనమైనా గడియారం దాచదు.

వయసు తీసుకునేదాని గురించి శరీరశాస్త్రం స్పష్టంగానే చెబుతోంది. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదన్న సంఖ్య ఏటేటా తగ్గుతుంది; 208లో నుంచి వయసును 0.7తో గుణించి వచ్చినదాన్ని తీసివేయాలన్న ప్రసిద్ధ సూత్రం ప్రకారం డెబ్బై ఏళ్ల మనిషికి అది సగటున 159, అయితే ఇది సగటే గనుక ఒక్కొక్కరిలో ఎంతో తేడా ఉండవచ్చు, రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికైతే ఈ లెక్క అసలు పనికిరాదు. శరీర బరువులో కిలోకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మనిషి గరిష్ఠంగా వాడుకోగలడో తెలిపే కొలతను గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం అంటారు; వ్యాయామం లేనివారిలో అది ముప్పై ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున పడిపోతుంది. కండరాల్లో ఓర్పుతో పనిచేసే నిదాన తంతువుల కంటే, ఒక్కసారిగా బలం చూపే వేగ తంతువులే ముందుగా సన్నబడతాయి. అందువల్లనే వృద్ధ పరుగరులలో నిమిషానికి పడే అడుగుల సంఖ్య పెద్దగా మారకపోయినా, ఒక్కో అంగ మాత్రం పొట్టిదవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తక్కువ బలం చాలే పనికి శరీరం నిదాన తంతువులనే పిలుస్తుంది, ఎక్కువ బలం అవసరమైనప్పుడే వేగ తంతువులను రంగంలోకి దించుతుంది. నెమ్మది నడకతో సరిపెట్టుకునే మనిషి వాటిని ఏళ్ల తరబడి పిలవనే పిలవడు, పిలుపు రాని తంతువులు మరింత త్వరగా క్షీణిస్తాయి, ఆ క్షీణతను చూసి అతడు అదంతా వయసు పని అనుకుంటాడు. కుర్చీలోంచి చేయి ఆనించకుండా లేవడానికీ, మెట్లెక్కడానికీ, తూలినప్పుడు చప్పున కాలు వేసి నిలదొక్కుకోవడానికీ కావలసింది కూడా ఈ వేగ తంతువుల బలమే.

వయసు వాటానూ మనిషి వాటానూ విడదీసి చూపిన పరిశోధనల్లో మైకేల్ పొలాక్ బృందం 1987లో ప్రచురించినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఏళ్ల తరబడి పోటీల్లో పాల్గొన్న 24 మంది ట్రాక్ క్రీడాకారులను ఆ బృందం పదేళ్ల వ్యవధితో రెండుసార్లు పరీక్షించింది. రెండోసారి నాటికి వారి వయసు 50 నుంచి 82 ఏళ్లు. ఆ పదేళ్లలో పోటీ స్థాయి తీవ్రతతో సాధన కొనసాగించిన 11 మందిలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 54.2 నుంచి 53.3కు మాత్రమే దిగింది, అంటే దాదాపు నిలిచిందనే చెప్పాలి. పరుగు మానకపోయినా తీవ్రత తగ్గించిన 13 మందిలో అది 52.5 నుంచి 45.9కి పడిపోయింది. గుండె గరిష్ఠ వేగం మాత్రం రెండు వర్గాల్లోనూ సుమారు 7 స్పందనల మేర తగ్గింది. గుండె వేగం వయసు వాటా, మిగిలిన తేడాలో ఎక్కువ భాగం మనిషి వాటా అని దీన్నుంచి గ్రహించవచ్చు. పరిశీలించినవారి సంఖ్య చిన్నదే, తగ్గుదలను ఎల్లకాలం ఎవరూ ఆపలేరు కూడా. అయినా తీవ్రత తగ్గించినవారికీ తగ్గించనివారికీ మధ్య కనిపించిన దూరం తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు.

ట్రాక్ చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. వయసు మళ్లినవారి పోటీల ఉద్యమం మొదలైందే ఒక మైలు పందెంతో. అమెరికాలోని శాన్ డీగోకు చెందిన న్యాయవాది డేవిడ్ పెయిన్ 1960ల నడుమ నలభై దాటినవారికి ప్రత్యేకంగా మైలు పరుగులు నిర్వహించడం ప్రారంభించారు, అదే విస్తరించి 1975లో టొరంటోలో తొలి ప్రపంచ వెటరన్ పోటీలకు దారితీసింది. నేడు వరల్డ్ మాస్టర్స్ అథ్లెటిక్స్ సంస్థ 35 ఏళ్ల నుంచి మొదలుపెట్టి ఐదేసి ఏళ్లకొక వర్గంగా పోటీలు జరుపుతోంది. రష్యాకు చెందిన యెకతెరీనా పొద్కొపాయెవా 42వ ఏట 1,500 మీటర్లను నాలుగు నిమిషాల లోపు పూర్తిచేసి, 1997లో 44వ ఏట వయోవర్గాలతో పని లేని ప్రపంచ ఇండోర్ పోటీల్లోనే ఆ దూరంలో స్వర్ణం గెలిచారు. ఐర్లండ్‌కు చెందిన ఎమన్ కాగ్లన్ 1994లో 41వ ఏట మైలును 3 నిమిషాల 58.15 సెకన్లలో ముగించి, నలభై దాటాక నాలుగు నిమిషాల హద్దు లోపల పరుగెత్తిన తొలి వ్యక్తి అయ్యారు. న్యూజిలాండ్ రైతు డెరెక్ టర్న్‌బుల్ 1992లో 65వ ఏట మైలును ఐదు నిమిషాల లోపు దాటి, అదే ఏడాది లండన్ మారథాన్‌ను 2 గంటల 41 నిమిషాల 57 సెకన్లలో ముగించారు. కెనడా ఇంజనీరు ఎర్ల్ ఫీ యౌవనంలో పరుగు మాని, మూడు దశాబ్దాలకు పైగా విరామం తర్వాత యాభైల చివరలో తిరిగి మొదలుపెట్టి, డెబ్బయ్యో ఏట 800 మీటర్లను 2 నిమిషాల 20 సెకన్లకు కాస్త పైన పూర్తిచేశారు. ఆలస్యంగా వచ్చినవారికి తలుపులు మూసుకుపోవని చెప్పడానికి ఫీ ఉదాహరణ ఎక్కువగా పనికివస్తుంది.

దీనికి ఎదురుగా ఎడ్ విట్‌లాక్‌ను చూపేవారు ఉంటారు. 2004లో 73వ ఏట మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించిన ఈ కెనడా వృద్ధుడు, తన ఊరి శ్మశానవాటిక దారుల్లో రోజూ గంటల తరబడి నెమ్మదిగా పరుగెత్తడమే సాధనగా పెట్టుకున్నారు. అయితే ఆయన యౌవనంలో మైలు పరుగరి, నలభైలలో తిరిగి వచ్చినప్పుడు కూడా మధ్యదూర పరుగుతోనే ట్రాక్ ఎక్కినవారు, పైగా తరచుగా చిన్న పందేల్లో పాల్గొనేవారు. ఆ పందేలే ఆయనకు వేగ సాధనగా ఉపకరించాయి. కాబట్టి విట్‌లాక్ జీవితం దూరం విలువను చెబుతుందే గాని వేగం అక్కరలేదని చెప్పదు.

సాధన విషయానికి వస్తే, వృద్ధులకు మారవలసినవి మోతాదు, విరామాలు. సాధన స్వభావం యువకులదే. చిన్న దూరాన్ని పందెపు వేగంతో పరుగెత్తి, మధ్యలో కొద్దిసేపు నడిచి లేదా నెమ్మదిగా సాగి, మళ్లీ అదే వేగంతో పరుగెత్తే పద్ధతిని ఇంటర్వల్ సాధన అంటారు. 1930లలో జర్మనీ కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అరవై దాటినవారు నేరుగా దీనిలోకి దూకకూడదు. కొన్ని నెలలపాటు నడక కలిపిన నెమ్మది పరుగు, ఆపైన చిన్న ఎత్తు మీదికి పరుగు, ఆపైన 80 నుంచి 100 మీటర్ల వరకు వేగాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయే స్ట్రైడ్లు, చివరికి 200, 400 మీటర్ల ఇంటర్వల్స్ అన్నది క్షేమకరమైన క్రమం. కష్టమైన రోజు తర్వాత తేలిక రోజు ఉండాలన్నది ఆరెగన్ కోచ్ బిల్ బవర్‌మన్ ప్రచారం చేసిన నియమం. వయసు మళ్లినవారిలో కండరం కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది గనుక ఒక్క తేలిక రోజు చాలదు, రెండు మూడు కావాలి. అంటే వారంలో ఏడు రోజులే ఉన్నాయన్న పట్టింపు మాని, తొమ్మిది పది రోజులను ఒక చక్రంగా పెట్టుకోవడం మేలు. బరువులెత్తే వ్యాయామం, ప్రతి భోజనంలో చాలినంత మాంసకృత్తులు ఈ సాధనలో భాగాలే. అన్నం ఎక్కువ, పప్పు పలుచన అయిన భోజనంతో వేగ తంతువులు నిలవవు.

అపాయాలను దాచడం వల్ల ఎవరికీ మేలు జరగదు. తీవ్రమైన శ్రమ జరిగే వేళా, ఆ తర్వాత కొద్దిసేపటి వరకూ గుండెపోటు ముప్పు పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల అలవాటు లేనివారిలో చాలా ఎక్కువ, క్రమంగా శ్రమించేవారిలో చాలా తక్కువ అని 1993లో వెలువడిన అమెరికా పరిశోధన తేల్చింది. అందుచేత మొదలుపెట్టేముందు వైద్య పరీక్ష, అందులోనూ మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారికి గుండె పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. మరోవైపు, స్వీడన్‌లో ఏటా జరిగే 90 కిలోమీటర్ల వాసలోపెట్ మంచు స్కీ పందెంలో పాల్గొన్న 52,000 మందిపై జరిపిన అధ్యయనంలో, ఎక్కువసార్లు పాల్గొన్నవారిలో గుండె లయ తప్పే జబ్బు ఎక్కువగా కనిపించింది. అతిగా పోగుపడిన దూరం కూడా ప్రశ్నించదగినదేనని, వేగాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టరాదని ఇది గుర్తుచేస్తుంది. మధ్యదూర పరుగులో ఎక్కువగా దెబ్బతినేవి పిక్కలు, తొడ వెనుక కండరాలు, పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయుబంధనం; ఇవి ఊపిరి కంటే నెమ్మదిగా సాధనకు అలవాటుపడతాయి గనుక, ఊపిరి బాగుందని తొందరపడినవారే గాయాల పాలవుతారు. మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి మాత్రం ఆధారం బలహీనం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1984 నుంచి యాభై దాటిన పరుగరులను గమనిస్తూ వచ్చిన అధ్యయనంలో వారి మోకాళ్లు ఇతరుల మోకాళ్ల కంటే ఎక్కువ అరగలేదు. 19 ఏళ్లు గడిచేసరికి పరుగరులలో 15 శాతం, పోల్చి చూసిన ఇతరులలో 34 శాతం మరణించారు. ఆరోగ్యవంతులే పరుగును ఎంచుకుంటారన్న అభ్యంతరం ఇక్కడ సబబే, కాని పరుగు హాని చేస్తుందన్న వాదనను ఈ అంకెలు నిలవనివ్వవు.

పందెం ఎందుకు, సాధన చాలదా అన్న ప్రశ్నకు సమాధానం కొలతలో ఉంది. ఒక్కో వయసుకు అత్యుత్తమ ప్రమాణ కాలాన్ని నిర్ణయించి, పరుగెత్తిన కాలాన్ని దానితో పోల్చి శాతంగా చెప్పే వయో శ్రేణీకరణ పట్టికలు 1980ల చివర నుంచి వాడుకలో ఉన్నాయి. ఒక వయసుకు 800 మీటర్ల ప్రమాణం 140 సెకన్లు అనుకుంటే, 175 సెకన్లలో చేరినవారికి 80 శాతం దక్కుతుంది. ఏటా కాలం కొద్దిగా పెరుగుతున్నా శాతం నిలిచి ఉంటే ఆ పెరుగుదల వయసుది, శాతం కూడా దిగజారుతుంటే సాధనలోనో ఆరోగ్యంలోనో లోపం ఉందన్నమాట. ఈ కొలతకు పుట్టిన తేదీ కచ్చితంగా ఉండాలి. 2011లో నూరేళ్ల వయసుతో టొరంటోలో ఒక్క రోజే వంద మీటర్ల నుంచి 5,000 మీటర్ల వరకు ఎనిమిది దూరాలు పరుగెత్తిన ఫౌజా సింగ్ ఘనతను, జనన ధ్రువపత్రం లేనందున రికార్డు పుస్తకాలు అంగీకరించలేదు. బడిలో చేర్చేనాడు పంతులుగారు ఊహించి రాసిన తేదీయే పుట్టినరోజుగా చలామణీ అవుతున్న తెలుగు పెద్దలకు ఈ ఇబ్బంది కొత్తది కాదు.

తెలుగు నగరాల్లో రహదారి పరుగులకు లోటు లేదు, ట్రాకులు కూడా లేకపోలేదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగిన హైదరాబాద్‌లో గచ్చిబౌలి స్టేడియం వంటి సౌకర్యం ఉంది. లోపమంతా ఆలోచనలోనే ఉంది. 10 కిలోమీటర్ల పరుగులు నిర్వహించే సంఘాలు అదే ఉదయం ఐదేసి ఏళ్ల వర్గాలుగా ఒక మైలు పందెం కలిపితే ఖర్చు పెద్దగా పెరగదు, స్టేడియాలు వారానికి రెండు ఉదయాలు పెద్దల సాధనకు ట్రాక్ విడిచిపెడితే క్రీడాకారుల సమయానికి భంగం రాదు. దాహం తెలిసే శక్తి వయసుతో మందగిస్తుంది గనుక వేసవిలో తెల్లవారకముందే ముగిసేలా వేళలు నిర్ణయించడం నిర్వాహకుల బాధ్యత. వైద్యుల సలహా కూడా మారవలసి ఉంది: పరీక్షల్లో లోపం లేదని తేలిన పెద్దలను దూరం తగ్గించమనాలి, విశ్రాంతి పెంచమనాలి, వేగాన్ని మాత్రం చిన్న మోతాదులోనైనా వదులుకోవద్దనాలి.